ఎసట్లో పోయకముందే ఒక గుప్పెడు

పల్నాటి పల్లెల్లో కోత పండుగ ఆదివారం చర్చికి వెళ్తే బలిపీఠం ముందు కాలు పెట్టడానికి చోటుండదు. ఎండుమిర్చి సంచులు, కందులు, పత్తి, గుమ్మడికాయలు, కాళ్లు కట్టేసిన కోడిపుంజు. ఆరాధన కాగానే అన్నిటినీ ఆవరణలోకి తెచ్చి వేలం పెడతారు. అంగట్లో కొద్ది రూపాయలకే దొరికే కొబ్బరికాయ పాటలో వందలు దాటుతుంది. పాడుకున్నాయన దాన్ని మళ్లీ కానుకగా ఇచ్చేస్తాడు, పాట మళ్లీ మొదలవుతుంది. తిరునాళ్ల సందడే అనుకోండి. అయితే తెలుగు క్రైస్తవుల దానధర్మంలో అసలు నేర్పు చూడాలంటే చర్చి ఆవరణలో కాదు, వంటింట్లో చూడాలి.

ఇల్లాలు పూటకు సరిపడా బియ్యం కొలుచుకుంటుంది. కడిగి ఎసట్లో పోయకముందే అందులోంచి ఒక గుప్పెడు తీసి వేరే డబ్బాలో వేస్తుంది. వారమంతా పోగైనది ఆదివారం చర్చికి చేరుతుంది. ఇంతే పద్ధతి. కానీ ఎంత ఆలోచన ఉందో చూడండి. మిగిలితే ఇద్దామనుకుంటే కూలివాళ్ల ఇంట్లో ఏనాడూ మిగలదు, కాబట్టి ముందే తీయాలి. కూలి గింజల రూపంలో వచ్చే రోజుల్లో చేతిలో డబ్బాడేది కాదు, కాబట్టి గింజలే ఇవ్వాలి. రొక్కం మగవాళ్ల జేబులో ఉంటుంది, సోలా గిద్దా ఆడవాళ్ల చేతిలో ఉంటాయి. అంటే భర్తను అడగకుండా ఆమె సొంతంగా ఇవ్వగలిగింది అదొక్కటే. ఆ గుప్పెడు ఇంటిల్లిపాది కంచాల్లోంచీ తగ్గుతుంది గనుక పిల్లవాడికీ అందులో పాలుంటుంది. 1912లో దోర్నకల్ పీఠానికి వచ్చి, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు అయిన అజరయ్య ఇలా ఇవ్వడాన్ని పేద పల్లె సంఘాల్లో పట్టుబట్టి నేర్పారు. దాని మీద ‘క్రిస్టియన్ గివింగ్’ అని పుస్తకమే రాశారు.

పల్నాటికి సువార్త కొత్తగా వినిపించిన కాలం వేరు. లూథరన్ మిషనరీ హయ్యర్ 1842 జూలై 31న గుంటూరు చేరారు. మధ్యలో అమెరికా వెళ్లి వైద్యం చదువుకుని తిరిగొచ్చి, 1849లో గురజాలలో కాపురం పెట్టారు. డెబ్భై ఆరేళ్ల వయసులో, 1869లో, రాజమండ్రి మిషను నిలబెట్టడానికి అమెరికా నుంచి మళ్లీ ఓడెక్కారు. 1880ల్లో నరసరావుపేట, వినుకొండల్లో బాప్టిస్టులు స్థిరపడ్డారు. సాగర్ కుడి కాలువ లేని ఆ రోజుల్లో పల్నాడంటే మెట్ట. ఇక్కడి జొన్నకూడు చూసి శ్రీనాథుడే వాపోయాడంటారు. ఆ జొన్నకూడు కూడా రెండు పూటలా దొరకని మాల మాదిగ కూలీలే ఎక్కువగా క్రైస్తవులయ్యారు. తరతరాలుగా కళ్లంలో చేయిచాపడమే తప్ప ఇచ్చే స్థానంలో ఎన్నడూ నిలబడని మనుషులు వాళ్లు. గుప్పెడు గింజలతో వాళ్లు దాతలయ్యారు. నా లెక్కలో ఈ ఆచారానికున్న విలువంతా ఇందులో ఉంది, పోగైన బస్తాల్లో కాదు.

పౌలు కొరింథు సంఘానికి రాసిన రెండో పత్రికలో ఎనిమిదో అధ్యాయం చదివితే దీని మూలం తెలుస్తుంది. యెరూషలేములోని పేదల కోసం చందా పోగవుతోంది. మాసిదోనియ సంఘాలవాళ్లు నిరుపేదలు. అయినా మాకూ పాలివ్వమని బతిమాలారట. ఎందుకని? పౌలు చెప్పిన కారణం ఒక్కటే: ధనవంతుడైన క్రీస్తు మీ కోసం దరిద్రుడయ్యాడు. కృప ముందు వచ్చింది, కానుక దానికి బదులుగా వచ్చింది. ఆశీర్వాదం కొనుక్కోవడానికి కట్టే వెల కాదది.

ఇప్పుడు కొన్ని వేదికల మీద వినిపించేది దీనికి తలకిందులు. వెయ్యి విత్తండి, లక్ష కోస్తారట! మిర్చికి ఎకరాకు లక్షలు పెట్టి, తామర పురుగుకు పంట వదులుకున్న రైతుల నడుమ నిలబడి ఈ మాట చెప్పడానికి గుండె ధైర్యం కావాలి. ఇది వ్యాపారం, అందులోనూ మోసపు వ్యాపారం.

కౌలురైతుకు ఇంకో చిక్కుంది. చర్చికిచ్చే దశమభాగం మొత్తం పంట మీదా, కౌలూ అప్పూ పోగా మిగిలినదాని మీదా? సంఘాల్లో ఈ తగవు తెగదు. పౌలు మాటైతే తేటగానే ఉంది: ఉన్నదాన్ని బట్టి ఇవ్వాలి, లేనిదాన్ని బట్టి కాదు. వడ్డీకి తెచ్చి కానుక వేయడం త్యాగం కాదు. కోత కూలీలకు డబ్బులు ఆపి మొదటి బస్తా చర్చికి తోలడం అంతకంటే తప్పు. ఆపిన కూలి దేవుడికి మొరపెడుతుందని యాకోబు పత్రికే హెచ్చరిస్తోంది.

ఇచ్చేవాళ్లకు ఇన్ని చెప్పాక పుచ్చుకునేవాళ్లకూ ఒక మాట చెప్పాలి. యెరూషలేము పేదల కోసం పోగైన ఆ చందా సొమ్మును పౌలు ఒంటరిగా మోసుకుపోలేదు. ఎవరూ వేలెత్తి చూపకూడదని, సంఘాలు ఏర్పరచిన మనిషిని తోడు తీసుకున్నాడు. సంఘపెద్దలారా, ఈసారి కోత పండుగలో ఎంత వచ్చిందో, ఏ విధవరాలికి, ఏ పిల్లవాడి ఫీజుకు ఎంత వెళ్లిందో రాసి చర్చి తలుపుకు అంటించండి.