ఐదు నిమిషాల నీలం

యెల్లాప్రగడ సుబ్బారావు పేరెత్తగానే మనవాళ్లు మందుల గురించి మొదలుపెడతారు. ఫోలిక్ ఆమ్లం, బోదకాలుకు హెట్రజాన్, పిల్లల రక్త క్యాన్సర్‌ను తొలిసారి కొంతకాలమైనా వెనక్కి నెట్టిన అమినోప్టెరిన్, ఆరియోమైసిన్. ఇవన్నీ లెడర్లీ కంపెనీలో ఆయన నడిపించిన పరిశోధనకు కాసిన కాయలే, సందేహం లేదు. ఆయన చేతి పనితనం చూడాలనుకున్నవారికి మాత్రం నేను మరో చోటు చూపిస్తాను. 1925లో జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీలో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన రాసిన 26 పేజీల వ్యాసం అది. రంగును బట్టి భాస్వరం ఎంతుందో తేల్చడం ఎలా అన్నదే అందులోని విషయం. పైకి ఏ ఆకర్షణా లేని ఆ పద్ధతి రెండేళ్లు తిరగకుండానే, ఓటో మేయర్‌హాఫ్ అనే జర్మన్ శరీరధర్మ శాస్త్రజ్ఞుడికి నోబెల్ తెచ్చిన సిద్ధాంతం పునాదిని కదిలించింది.

మేయర్‌హాఫ్ 1884లో హానోవర్‌లో పుట్టాడు. హైడెల్‌బర్గ్‌లో వైద్యం చదివాడు. మొదట్లో మనసు మనోవైద్యం మీద, తత్త్వశాస్త్రం మీద ఉండేది. ఓటో వార్‌బర్గ్ స్నేహం ఆయన్ని కణాల్లో శక్తి ఎలా పుడుతుందన్న ప్రశ్న వైపు తిప్పింది. కప్ప కండరాన్ని గాలి తగలనివ్వకుండా పనిచేయిస్తే అందులోని గ్లైకోజన్ తరిగి ఆ మేరకు లాక్టిక్ ఆమ్లం పెరుగుతుందనీ, ఆక్సిజన్ అందగానే ఆ ఆమ్లంలో కొద్ది భాగమే కాలిపోయి మిగతాది తిరిగి గ్లైకోజన్‌గా మారుతుందనీ లెక్క కట్టి చూపించాడు. అదే సమయంలో ఇంగ్లండ్‌లో ఏ.వి. హిల్ కండరంలో పుట్టే వేడిని కొలుస్తున్నాడు. ఇద్దరి లెక్కలూ ఒకదానితో ఒకటి పొసిగాయి. 1922 సంవత్సరపు నోబెల్ బహుమతిని ఇద్దరికీ కలిపి ఇచ్చారు. కండరం ముడుచుకోవడానికి కారణం లాక్టిక్ ఆమ్లమేనని పాఠ్యపుస్తకాలు స్థిరపరిచేశాయి.

భీమవరంలో పుట్టిన 27 ఏళ్ల సుబ్బారావు అదే 1922 అక్టోబరు 26న బోస్టన్‌లో దిగాడు. ఇద్దరు అన్నదమ్ములను స్ప్రూ వ్యాధికి పోగొట్టుకున్నవాడు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టుకుని శస్త్రచికిత్స ప్రొఫెసర్ ఆగ్రహానికి గురై, పూర్తి డిగ్రీకి బదులు చిన్న పట్టాతో సరిపెట్టుకున్నవాడు. ఆస్పత్రిలో రాత్రిపూట కూలిపని చేసుకుంటూ ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా పూర్తిచేసి, హార్వర్డ్ జీవరసాయన విభాగంలో ఫిస్కే దగ్గర చేరాడు.

ఫిస్కే అప్పగించిన పని చెప్పడానికి తేలిక. రక్తంలో, మూత్రంలో, కండరంలో ఫాస్ఫేట్ చాలా తక్కువ మోతాదులో ఉంటుంది. దాన్ని నమ్మదగినట్టుగా కొలవాలి. దారి అప్పటికే కొంత పడి ఉంది. ఆమ్ల ద్రావణంలో ఫాస్ఫేట్‌కు మాలిబ్డేట్ కలిపితే రెండూ జతకడతాయి. ఆ జంటకు ఎలక్ట్రాన్లు ఇచ్చే పదార్థాన్ని చేరిస్తే ముదురు నీలం వస్తుంది. ఫాస్ఫేట్ ఎంత ఉంటే నీలం అంత చిక్కన. 1920లో బెల్, డాయిసీ ఇందుకు హైడ్రోక్వినోన్ వాడారు; 1922లో బ్రిగ్స్ దాన్ని కొంత సరిచేశాడు. అయినా చిక్కులు తీరలేదు. బెల్, డాయిసీల పద్ధతిలో రంగు నిలిచేది కాదు. బ్రిగ్స్ పద్ధతిలో నిలిచినా తేలడానికి చాలాసేపు పట్టేది. పక్కనున్న ఇతర లవణాలు కొలతను చెడగొట్టేవి.

సుబ్బారావు, ఫిస్కేలు హైడ్రోక్వినోన్‌ను పక్కనపెట్టి అమైనోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లాన్ని ఎంచుకున్నారు. దాన్ని ఒంటరిగా వదలకుండా, గాలికి పాడవకుండా బైసల్ఫైట్, సల్ఫైట్ ద్రావణంలో కరిగించారు. ఆమ్లం పాలు ఎంతుండాలో, మాలిబ్డేట్ ఎంతుండాలో విడివిడిగా మార్చి చూసి, రంగు చెదరని హద్దు దగ్గర ఆపారు. ఆమ్లం మరీ తగ్గితే ఫాస్ఫేట్ లేకపోయినా మాలిబ్డేట్ తనంతట తానే నీలిరంగు తిరుగుతుంది. మరీ ఎక్కువైతే అసలు రంగే వెనకబడుతుంది. ఈ రెంటి నడుమ ఉన్న ఇరుకు దారిని వాళ్లు పట్టుకున్నారు. మాంసకృత్తులను ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లంతో పేరబెట్టి వడపోసి, ఆ తేట మీద పరీక్ష చేస్తే ఐదు నిమిషాల్లో రంగు తేలుతుంది.

రంగును చదవడానికి అప్పట్లో ఉన్నది డ్యూబాస్క్ కలరీమీటర్. రెండు గాజు కప్పులు, వాటిలోకి దిగే రెండు గాజు దిమ్మెలు, పైన ఒకే కంటిగొట్టం. ఒక కప్పులో భాస్వరం ఎంతుందో ముందే తెలిసిన ద్రావణం, రెండో దానిలో పరీక్షించాల్సింది. కంటికి కనిపించే వృత్తంలో రెండు సగాలూ ఒకే నీలంగా కలిసిపోయేదాకా దిమ్మెను పైకీ కిందికీ జరపాలి. లోతుల నిష్పత్తిని బట్టి ఫాస్ఫేట్ ఎంతుందో తేలుతుంది. కంసాలి త్రాసు ముల్లు చూసినంత శ్రద్ధగా చూడాల్సిన పని. చూసే కన్ను అలసిపోతే లెక్క తప్పుతుంది. అందుకే ఐదు నిమిషాలన్న గడువు అంత విలువైనది: ప్రమాణ ద్రావణమూ పరీక్ష ద్రావణమూ ఒకే వేగంతో, ఒకే నీలానికి రావాలి. అలా రాకపోతే తప్పు పద్ధతిలో లేదనీ, సీసాలోని పదార్థంలోనే ఏదో ఉందనీ ధైర్యంగా అనగలగాలి.

కండరం దగ్గర సరిగ్గా అదే జరిగింది. పిల్లి కండరం నుంచి తీసిన తేట మీద ఈ పరీక్ష పెడితే, ప్రమాణ ద్రావణం ఎప్పటిలాగే సకాలంలో రంగు తేలింది. కండరపు తేట మాత్రం వెనకబడి, ఆ తర్వాత కూడా కొంచెం కొంచెంగా ముదురుతూనే పోయింది. మరొకరైతే సగటు కట్టి ముందుకు సాగిపోయేవారు. వీళ్లు ఆగారు. సమయాన్ని బట్టి రంగు ఎలా పెరుగుతోందో గీసుకుని, వెనక్కి లెక్కకట్టి మొదటి క్షణంలో ఎంత ఉండి ఉంటుందో చూశారు. కండరంలో అందరూ ఇన్నాళ్లూ ‘అకర్బన ఫాస్ఫేట్’ అనుకున్నదానిలో చాలా భాగం నిజానికి స్వేచ్ఛగా లేదు. క్రియాటిన్‌తో ఒకటికి ఒకటిగా కట్టుబడి ఉంది. పరీక్షలో వాడే ఆమ్లమూ మాలిబ్డేటూ ఆ కట్టును తెంచుతున్నాయి. అలా ఆలస్యంగా విడిపోయిన ఫాస్ఫేటే ఆ ముదురుతున్న నీలం. 1927లో సైన్స్ పత్రికలో వచ్చిన చిన్న లేఖతో ఫాస్ఫోక్రియాటిన్ లోకానికి తెలిసింది. కండరాన్ని పనిచేయిస్తే అది తరుగుతుందనీ, విశ్రాంతినిస్తే మళ్లీ కూడుతుందనీ చూపించారు. 1929లో దాని కాల్షియం లవణాన్ని శుద్ధిచేసి వివరంగా ప్రచురించారు.

లండన్‌లో ఎగిల్‌టన్ దంపతులు కూడా 1927లోనే కండరంలో ఇట్టే విడిపోయే ఒక భాస్వర పదార్థం ఉందని గమనించి ‘ఫాస్ఫజెన్’ అని పేరుపెట్టారు. దానిలో క్రియాటిన్ ఉందన్నది మాత్రం బోస్టన్ నుంచే వచ్చింది.

ఈ నీలం ప్రయోగశాల గోడలు దాటి ఎంత దూరం పోయిందో చెప్పడానికి ఐర్లండ్‌లోని షానన్ నదిని చూపించవచ్చు. సుమారు 360 కిలోమీటర్లు పారే ఆ నది మీద లాఫ్ రీ, లాఫ్ డెర్గ్ లాంటి పెద్ద సరస్సులున్నాయి. పొలాల నుంచీ మురుగు నుంచీ ఫాస్ఫేట్ చేరితే వాటిలో నాచు కమ్ముకుంటుంది. ఐర్లండ్ 2009 నిబంధనల ప్రకారం నది నీరు ‘మంచి స్థితి’లో ఉందనాలంటే లీటరుకు సగటున 0.035 మిల్లీగ్రాముల భాస్వరం మించకూడదు. నిబంధనలో ఆ భాస్వరానికి పెట్టిన పేరే ‘మాలిబ్డేట్‌తో చర్యజరిపే భాస్వరం’. నీటి పరీక్షలకు స్థిరపడిన పద్ధతి 1962లో మర్ఫీ, రైలీ రూపొందించినది; రంగు తేల్చడానికి వాళ్లు ఎస్కార్బిక్ ఆమ్లం వాడారు. సుబ్బారావు ఎంచుకున్న పదార్థం అక్కడ లేదు, కానీ కుటుంబం అదే. మన వైద్య కళాశాలల్లో రక్తంలోని ఫాస్ఫరస్ పరీక్షను మాత్రం తరతరాల విద్యార్థులు ‘ఫిస్కే–సుబ్బారావు పద్ధతి’ అనే నేర్చుకున్నారు.

మళ్లీ మేయర్‌హాఫ్ దగ్గరికి. తన సిద్ధాంతానికి అడ్డొచ్చిన పదార్థాన్ని ఆయన తోసిపుచ్చలేదు. అది విడిపోయేటప్పుడు ఎంత వేడి పుడుతుందో వెంటనే కొలవడానికి పూనుకున్నాడు. కండరపు లెక్కలో ఫాస్ఫోక్రియాటిన్‌కు బరువైన వాటా ఉందని ఆ వేడే చెప్పింది. 1929లో ఆయన ప్రయోగశాలలోనే కార్ల్ లోమన్ కణాల్లో శక్తిని మోసే భాస్వర పదార్థమైన ఏటీపీని కనుక్కున్నాడు. అదే ఏడాది ఫిస్కే, సుబ్బారావులు విడిగా అదే పదార్థాన్ని పట్టుకున్నారు. 1930లో డెన్మార్క్‌కు చెందిన లుండ్స్‌గార్డ్ అయొడోఎసిటేట్ ఎక్కించిన కండరం లాక్టిక్ ఆమ్లం ఏమాత్రం పుట్టకుండానే ముడుచుకుంటుందనీ, ఖర్చవుతున్నది ఫాస్ఫోక్రియాటిన్ అనీ చూపించాడు. ఆ లుండ్స్‌గార్డ్‌ను మేయర్‌హాఫ్ హైడెల్‌బర్గ్‌లోని తన ప్రయోగశాలకు ఆహ్వానించి, ఆ పని కొనసాగించడానికి చోటిచ్చాడు. నోబెల్ తెచ్చిన తన మాటే తప్పని చెప్పే ప్రయోగానికి తన బల్ల మీదే చోటిచ్చిన ఆ మనిషిని సుబ్బారావు పక్కన నిలబెట్టి గౌరవించాలనిపిస్తుంది నాకు.

యూదుడైనందుకు మేయర్‌హాఫ్ 1938లో జర్మనీ విడిచి పారిస్ చేరాడు. జర్మన్ సేనలు అక్కడికీ రావడంతో 1940లో అమెరికా వెళ్లి, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో పనిచేస్తూ 1951లో ఫిలడెల్ఫియాలో కన్నుమూశాడు. అదే 1940లో హార్వర్డ్ వదిలిన సుబ్బారావు న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లీ పరిశోధనకు అధిపతి అయ్యాడు. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే పోయాడు. ఇద్దరిలో ఎవరి పేరూ లేకుండా నేటి కండరాల అధ్యాయం రాయలేరు. హిల్ అయితే 1932లోనే ఈ మార్పులన్నిటినీ సమీక్షిస్తూ ఒక వ్యాసం రాసి, తన సొంత లెక్కలు కూడా తలకిందులైన ఆ కాలానికి ‘కండర శరీరధర్మ శాస్త్రంలో విప్లవం’ అని తానే పేరుపెట్టాడు.