ముక్తాబాయి వ్యాసానికి మన బడి ఎన్ని మార్కులు వేస్తుంది?

ప్రాథమిక బడిలో పిల్లల గొంతు వినాలన్న మాటను ఇప్పుడు ఎవరూ కాదనరు. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం ఆ మాట చెప్పింది. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ పిల్లలు భయం లేకుండా, స్వేచ్ఛగా తమ అభిప్రాయాలు చెప్పుకునేలా చదువు ఉండాలంది. మన తెలుగు వాచకాల్లో 'స్వీయరచన' అని ఒక శీర్షికే వచ్చి కూర్చుంది. శిక్షణ తరగతుల్లో ఇదంతా విని విని విసుగు కూడా వచ్చింది. అయితే ఏ పిల్ల గొంతు? ఆ పిల్ల ఏం చెప్తే వింటాం, ఏం చెప్తే ఎర్రసిరా పెన్ను తీస్తాం? ఈ ప్రశ్న వేసుకోకుండా ఎంత మాట్లాడినా ఆ మాటలు అగ్రవర్ణ ఇంటి పిల్లవాడి ముద్దుపలుకుల దగ్గరే ఆగిపోతాయి.

ఈ ప్రశ్నకు గీటురాయిగా ఒక విద్యార్థిని రాసిన వ్యాసాన్నే తీసుకుంటాను. పూణేలో జోతిబా ఫూలే, సావిత్రిబాయి నడిపిన బడిలో చదివిన ముక్తాబాయి అనే పద్నాలుగేళ్ల మాంగు అమ్మాయి మాంగు, మహర్ల దుఃఖం గురించి మరాఠీలో రాసిన వ్యాసమది. 1855లో 'జ్ఞానోదయ' అనే మిషనరీల పత్రికలో అచ్చయింది. 1991లో సూసీ తారు, కె. లలిత సంపాదకత్వంలో వచ్చిన 'విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా' మొదటి సంపుటంలో ఇంగ్లీషులోకి వచ్చింది. మనలో చాలామందికి అట్లానే పరిచయం. మన దగ్గర మాదిగ, మాల ఎట్లాగో అక్కడ మాంగు, మహర్ దాదాపు అట్లాగే అనుకోవచ్చు. వయసు పద్నాలుగైనా అక్షరాలు దిద్ది కొన్నేళ్లే అయిన పిల్ల, అది మర్చిపోవద్దు.

ఈ వ్యాసాన్ని మనవాళ్లు కూడా కన్నీటి కథగానే చదువుతున్నారు. సభల్లో తలుచుకుంటారు, 'అయ్యో' అంటారు, అక్కడితో సరి. అందులో దుఃఖం ఉన్నమాట నిజమే. పీష్వాల కాలంలో తాలింఖానా ముందునుంచి నడిచిన మాంగు, మహర్ల తలలు నరికి బంతులాడుకున్నారని రాస్తుంది. భవనాల పునాదుల్లో మనుషుల్ని పూడ్చిన సంగతి రాస్తుంది. నెత్తిన కప్పు లేని గుడిసెలో, వానలో, చలిలో పురుడు పోసుకునే ఆడవాళ్ల గోస రాస్తుంది. కానీ వ్యాసాన్ని నడిపించేది వాదన. వేదాలు మావే, మీరు వాటిని చూడగూడదు అని బ్రాహ్మణులు అంటున్నారు గదా. అట్లాంటప్పుడు మాకు మతగ్రంథం లేనట్టే, మాకు మతమే లేనట్టు. మరి మాది ఏ మతమో చెప్పు దేవుడా, దాని ప్రకారం నడుచుకుంటాం అని నిలదీస్తుంది. ఎదుటివాడి మాటను వాడి నోటినుంచే తీసుకుని దాన్ని చివరిదాకా లాగి చూపించడం ఇది. తర్కం నేర్చిన పండితులు చేసే పని. ఒకసారి దేవుణ్ణి అడుగుతుంది, ఒకసారి పండితుల్ని కడిగేస్తుంది, చివరికి తనవాళ్ల వైపు తిరిగి చదువు అనే మందు తీసుకోమంటుంది. ఎవరితో మాట్లాడాలో తానే ఎంచుకుంటుంది. పిల్లల స్వతంత్ర చొరవ అని మన శిక్షణ తరగతుల్లో బొమ్మలేసి చెప్పేదానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నేను చూడలేదు.

ఇది నిజంగా పిల్ల రాసిందా, ఫూలే రాయించాడా అని సందేహించేవాళ్లు ఉంటారు. అగ్రవర్ణ పిల్ల చిన్న వయసులో కవిత రాస్తే పుట్టుకతో వచ్చిన ప్రతిభ అంటాం, మాంగు పిల్ల రాస్తే వెనక ఎవరున్నారని వెతుకుతాం. ఫూలే 'తృతీయ రత్న' నాటకం రాసింది అదే 1855లో. 'గులాంగిరి' వచ్చింది 1873లో, అంటే ఈ వ్యాసం తర్వాత పద్దెనిమిదేళ్లకు. గురువు దగ్గర పిల్ల ఎంత నేర్చిందో, పిల్లల మాటలు విని గురువు కూడా అంత నేర్చి ఉండొచ్చని ఎందుకు అనుకోం? సావిత్రిబాయి బడికి పోతుంటే పేడా మట్టీ విసిరిన ఊరది. బడి నడిపినవాళ్లు కూడా ఊరి చేత దెబ్బలు తిన్నవాళ్లే. అందుకే ఆ బడిలో వాడ దుఃఖం చెప్పకూడని సంగతి కాలేదు, పాఠమయింది.

వ్యాసంలో మనకు ఇబ్బంది కలిగించే చోట్లూ ఉన్నాయి. ఇంగ్లీషు ప్రభుత్వాన్ని దేవుడు పంపిన దయగా పొగుడుతుంది. పీష్వాల కత్తి కింద బతికిన జాతికి అట్లా తోచడంలో వింత లేదు, కానీ దాన్ని దాచిపెట్టి చదవాల్సిన అవసరమూ లేదు. ఇంకోటి, మహర్లలో కొందరు బ్రాహ్మణుల గుణం పట్టించుకుని మాంగుల నీడను కూడా మైలనుకుంటున్నారని నిర్మొహమాటంగా రాసింది. ఐక్యత పేరుతో పిల్లల నోరు మూయించేవాళ్లు వాడలో కూడా ఉంటారు గనుక ఈ వాక్యం మనమూ చదువుకోవాలి.

ఇక మన బడి సంగతి. నేను అయిదో తరగతిలో ఉండగా 'మా ఇంట్లో దసరా' అని సొంతంగా రాసుకరమ్మన్నారు. సొంతంగానే రాశాను. మేనమామ కూర తేవడం, మా అమ్మ తునకలు కోసి తీగమీద ఎండేయడం, వాటిని కాకుల నుంచి కాయడం నా పని కావడం, అంతా రాశాను. సారు చెడ్డవాడు కాదు, నన్నెప్పుడూ కొట్టలేదు. నోటుబుక్కు చూసి మెల్లగా, "ఇట్లాంటివి రాస్తరా బిడ్డా? రేపు మంచిగ రాసుకరా" అన్నాడు. బోర్డుమీద పులిహోర, పాయసం, గుడికి పోవడం అని ఒక నమూనా రాశాడు. మా ఇంట్లో ఎన్నడూ వండని పులిహోర గురించి రాసి పదికి ఎనిమిది తెచ్చుకున్న. మా అమ్మ ఆ మార్కులు చూసి సంతోషపడ్డది.

అప్పటి బడికి, ఇప్పటి బడికి తేడా లేదని నేననను. బెత్తం చాలావరకు పోయింది. పిల్లలు గుండ్రంగా కూర్చుని మాట్లాడుతున్నారు, బాలసభ పెడుతున్నారు. అయినా బాలసభలో వాడ పిల్ల పాట పాడుతుంది, తీర్మానం ఇంకొకరు చదువుతారు. మాతృభాష అంటాం గానీ ఎవరి తల్లి భాష అని అడగం. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రాథమిక బడుల్లో ఇంగ్లీషు మీడియం ఉత్తర్వు ఇచ్చినపుడు రెండు పక్కలా పెద్దలే వాదించుకున్నారు. ఆ బెంచీల మీద కూర్చునే పిల్లల్ని పిలిచి అడిగినవాళ్లు తక్కువ.

ఈమధ్య కొందరు టీచర్లతో కలిసి ముక్తాబాయి వ్యాసం చదివాం. ఒకాయన, "ఇంత చిన్నపిల్లలకు ఈ తలలు నరకడాలు ఎందుకండీ, భయపడతారు" అన్నాడు. ఏకలవ్యుడి బొటనవేలు కోయించిన కథను గురుభక్తి పాఠంగా ఏళ్లతరబడి చెప్పాం. అప్పుడు ఏ పిల్ల భయపడుతుందని మనకు తోచలేదు. వాదన కొంచెం వేడెక్కింది. చివరికి ఒకావిడ వానలో పురుడు గురించిన భాగాన్ని మాత్రం తన మాటల్లో నాలుగో తరగతికి చెప్పి చూస్తానంది.

చెప్పింది. పిల్లలు మొదట అడిగింది, "ఆ అక్కకు సారు ఎన్ని మార్కులేసిండు?" అని. మార్కులు వేయలేదు, పత్రికలో అచ్చేశారు అందామె. మరుసటి రోజు ఎవరూ అడగకుండానే కొందరు రాసుకొచ్చారు. ఒక పిల్ల చెల్లెలు పుట్టిన రాత్రి దవాఖానలో మంచం ఇవ్వని సంగతి రాసింది. ఒక పిల్లవాడు బడిలో ఎప్పుడూ తననే ఊడ్వమంటారని, ఆ టీచరు పేరు పెట్టి మరీ రాశాడు. ఆ పేరు ఆమెదే. ఆ కాగితాన్ని విద్యా ప్రమాణాల్లో దేని కింద దిద్దాలో చెప్పమని ఆమె మా దగ్గరికి తెచ్చింది. మేమింకా ఏమీ చెప్పలేదు. ఊడ్చే పనికి మాత్రం ఆమె వంతులు వేసిందట.