తునికాకు కట్ట పక్కన ఆత్మకథ

ఆత్మకథా, అడవి అంచున నిలబడి నిన్ను పిలుస్తున్నాను. ఖమ్మం దాటి, కొత్తగూడెం దాటి, గోదావరి వంతెన మీదుగా భద్రాద్రికి రా. దుమ్ముగూడెం, చర్ల దారుల్లో మోదుగులు ఎర్రగా పూసే వేళ, ఆశ్రమ పాఠశాల అరుగు మీద కూర్చున్న కోయ పిల్లల ఒళ్లో వాలు.

చెరలో పుట్టిన మాట విలువ భద్రాచలానికి ఒకరు చెప్పనక్కర్లేదు. గోల్కొండ బందీఖానాలో రామదాసు పడిన గోడు కీర్తనలై ఈ గుడి మెట్ల మీద ఇప్పటికీ వినబడుతూనే ఉంది. 1934, 35లలో నెహ్రూ కూడా జైల్లోనే తన కథ రాసుకున్నారు. అందులో ఒక అధ్యాయం మొత్తం జైల్లో తనకు తోడున్న పక్షులకూ జంతువులకూ ఇచ్చారు. అడవి పిల్లలకు నెహ్రూ ఆ అధ్యాయంతోనే పరిచయం కావాలని నా కోరిక.

అంబేడ్కర్ జయంతి నాడు పటానికి దండ వేస్తాం, చేతులు జోడిస్తాం. ఆ పటంలోని మనిషి ఏనాడు దప్పికగొన్నాడో దండకేం తెలుసు? నీకు తెలుసు. 1901లో చిన్నారి భీమరావు జరీ టోపీ పెట్టుకుని, నాన్నను చూడబోతున్న సంబరంతో, అన్నతోనూ అక్క బిడ్డలతోనూ మసూరు స్టేషన్లో దిగాడు. కులం చెప్పగానే స్టేషన్ మాస్టరు మొహం మారిపోయింది. రెట్టింపు కిరాయికి ఒప్పుకున్న బండివాడు సైతం పిల్లలనే బండి తోలుకోమని తాను పక్కన నడిచాడు. మూటలో తిండి ఉంది. గుక్కెడు నీళ్లిచ్చే చెయ్యి లేదు. తినకుండానే పడుకున్నారు ఆ పసివాళ్లు.

మళ్లీ 1934లో, దౌలతాబాద్ కోట దగ్గర చెరువు నీళ్లు ముట్టుకున్నారని ఆయన బృందాన్ని జనం తిట్టిపోశారు. దౌలతాబాద్ ఎక్కడో లేదు. ఆనాడు అదీ మన ఖమ్మమూ ఒకే నిజాం ఏలుబడి.

అన్న కడియంలోంచి బంగారం ముక్క దొంగిలించి, కాగితం మీద రాసి తండ్రి ముందు ఒప్పుకున్న పదిహేనేళ్ల గాంధీనీ తీసుకురా. తప్పు దాచుకోని పెద్దవాణ్ణి చూస్తేనే పిల్లవాడి గొంతు పెగులుతుంది.

ప్రకాశం పంతులునూ తీసుకురా. ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపిన తల్లి, పరీక్ష ఫీజు మూడు రూపాయల కోసం పట్టుచీర తాకట్టు పెట్టింది. ఆ కొడుకే 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యారు. సరిగ్గా అదే రోజు, ఇవతల హైదరాబాద్ రాష్ట్రంలో ఖమ్మం జిల్లా పుట్టింది. భద్రాచలం అప్పుడు తూర్పు గోదావరిది, 1959లో గానీ ఖమ్మంలో కలవలేదు. ఈ గోదారి గట్టు ఆ తల్లి కొడుకు పాలనలో ఉన్న నేల. పరీక్ష ఫీజుకు వెతుక్కునే ఇళ్లు ఈ గట్టున ఇంకా ఉన్నాయి. వాళ్ల బిడ్డలకు ఆ పట్టుచీర సంగతి తెలియాలి.

సార్లూ, మేడమ్‌లూ! వేసవి సెలవులకు పిల్లలు ఊళ్లకు పోయే రోజున, పెట్టెలో బట్టల మధ్య ఒక్క ఆత్మకథ పెట్టి పంపండి. అమ్మ తునికాకు కోసుకొచ్చి, నీడన కూర్చుని, యాభై ఆకులు లెక్కపెట్టి కట్ట కడుతుంటుంది. పక్కన కూర్చుని భీమరావు దాహం పైకి చదవమని బిడ్డకు చెప్పండి. అమ్మ కూడా వింటుంది.