దేవదేవి కథయు, నాగరత్నమ్మ పీఠికయు

వేశ్య పశ్చాత్తాపము పొంది భక్తురాలగుట మన నాటకములకును చలనచిత్రములకును మిక్కిలి పరిచితమైన ఇతివృత్తము. కాళ్ళకూరి నారాయణరావుగారి చింతామణి అట్టిది. 1933లో అది చిత్రముగ వెలువడినపుడు రామతిలకము ఆ పాత్రను ధరించెను. విప్రనారాయణ కథలోని దేవదేవియు నట్టిదే. ఆ పాత్రను 1937లో కాంచనమాలయు, 1954లో భానుమతియు ధరించిరి. ఈ ఇతివృత్తము కల్పనకే పరిమితమైనచో చిక్కు లేదు. నిజముగ జీవించిన ఒక గాయని చరిత్రమును చదువుటకు గూడ దానినే కొలబద్దగ గైకొనినపుడు చిక్కు కలుగును. బెంగుళూరు నాగరత్నమ్మ విషయమున జరిగిన దిదియే యని మా యభిప్రాయము.

నాగరత్నమ్మ 1878లో మైసూరు సీమయందు దేవదాసి కుటుంబమున జన్మించెను. సంస్కృతాంధ్ర కర్ణాట భాషలను నేర్చి, చెన్నపట్టణమున గాయనిగ ప్రసిద్ధికెక్కెను. గ్రామఫోను రికార్డుల తొలినాళ్ళలోనే ఆమె గాత్రము జనులకు చేరినది. తిరువయ్యూరున త్యాగరాజస్వామి సమాధి శిథిలమైయుండగా తన ధనమును వెచ్చించి మందిరము నిర్మించి, 1925లో ప్రతిష్ఠ జరిపించెను. లోకము చెప్పుకొను కథ ఇంతవరకే. భోగము విడిచి భక్తిని పట్టినదనుటతో అది ముగియును. మన తరగతి గదులలోను ఆమె పేరు ఈ సందర్భముననే వినవచ్చుచుండును. 2007లో వి. శ్రీరామ్ ఆంగ్లమున వ్రాసిన జీవితచరిత్ర గ్రంథప్రకటన వృత్తాంతమును గూడ తెలుపుచున్నది. కాని దాని పేరున సైతము దేవదాసియు భక్తుడునే కనవత్తురు. పరిష్కర్త్రికి అచట చోటు లేదు.

1910లో ఆమె ముద్దుపళని రాధికాసాంత్వనమును వావిళ్ళవారిచే ప్రకటింపించెను. ముద్దుపళని తంజావూరు మరాఠ ప్రభువైన ప్రతాపసింహుని ఆస్థానకవయిత్రి. నాలుగు భాగముల ఈ శృంగారప్రబంధము 1887లోనే ఒకమారు అచ్చయినది. నాగరత్నమ్మ ఆ ముద్రణముతో తృప్తిపడక వ్రాతప్రతిని సంపాదించి రెంటిని పోల్చెను. అచ్చుప్రతిలో కొన్ని పద్యములు లోపించెననియు, కవయిత్రి తన్ను గూర్చియు తన వంశమును గూర్చియు చెప్పుకొన్న అవతారికయే తొలగింపబడెననియు ఆమెకు తెలియవచ్చెను. లోపించినదానిని పూరించి, తన పీఠికతో గ్రంథమును వెలువరించెను. ప్రతులను పోల్చుట, లోపములను గుర్తించుట, హేతువు చూపుట పరిష్కర్త చేయవలసిన పనులు గదా!

ఆ పీఠికలో విమర్శయు కలదు. కందుకూరి వీరేశలింగముగారు ఆంధ్రకవుల చరిత్రలో ముద్దుపళని కవిత్వమును స్త్రీ నోట వినదగనిదని నిందించిరి. భోగముమేళములను మాన్పించుటకు పాటుపడిన సంస్కర్తకు ఆ వృత్తిపై ఆగ్రహముండుట సహజమే. కాని ఆ యాగ్రహము కావ్యమునకు తీర్పుగ మారినది. నాగరత్నమ్మ వేసిన ప్రశ్న సూటియైనది: సిగ్గనునది స్త్రీలకేనా, పురుషులకు లేదా? పంతులుగారే చూచి ప్రకటనకు సమ్మతించిన వైజయంతీవిలాసములోని శృంగారముకంటె ఇందలిది మోటైనదా?

ఇచట పాఠకులు గమనింపదగిన విశేషమొకటి కలదు. సారంగు తమ్మయ రచించిన వైజయంతీవిలాసము విప్రనారాయణ చరిత్రమే. అందలి నాయిక దేవదేవియే. వేశ్య పురుషుని కావ్యములో పాత్రయైనపుడు శృంగారము సహింపబడినది. ఆమెయే కవియై కలము పట్టినపుడు అసహ్యమైనది. నాగరత్నమ్మ ఎంచుకొన్న ఉదాహరణమున ఈ భేదము బయటపడుచున్నది. పాత్రను మెచ్చి కవయిత్రిని తిట్టిన రసజ్ఞతను ఆమె నిలదీసెను.

దాని ఫలితము కఠినముగనే యుండెను. 1911లో ప్రభుత్వము ప్రతులను స్వాధీనము చేసికొని గ్రంథమును నిషేధించెను. ఆ నిషేధము 1947 వరకు తొలగలేదు. తొలగించిన టంగుటూరి ప్రకాశము పంతులుగారు ఒంగోలు ప్రాంతమువారు. వారు జన్మించిన కాలమున ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోనిది. 1952లో వావిళ్ళవారు మరల ముద్రించిరి. ఆ సంవత్సరముననే, మే నెలలో, నాగరత్నమ్మ కన్నుమూసెను.

ఆమె భక్తి సత్యమే. దానిని మేము తక్కువచేయుట లేదు. కాని అది పశ్చాత్తాపమనుటకు ఆధారము లేదు. ఆరాధనలో స్త్రీలకు పాడుటకు చోటు లేనపుడు ఆమె స్త్రీలచేతనే వేరుగ గానము జరిపించెను. సమాధి ప్రతిష్ఠ జరిగిన పిమ్మటనే, 1920 దశకము చివర, దేవదాసి వ్యవస్థను రద్దుచేయు బిల్లు వచ్చినపుడు, మద్రాసు దేవదాసీల సంఘమునకు అధ్యక్షురాలై దాని నెదిరించెను. తన కులమును తానెన్నడు దాచుకొనలేదు. చింతామణికిని దేవదేవికిని నాటకకర్త కల్పించిన ముగింపు ఈ జీవితమునకు సరిపోదు.

1887 నాటి ముద్రణము ముద్దుపళని స్వవిషయమును తొలగించి కావ్యమును మిగిల్చినది. మనము నాగరత్నమ్మ పీఠికను తొలగించి భక్తిని మిగిల్చితిమి. రెండును ఒకే విధమైన కత్తిరింపులు. మొదటిదానిని సరిదిద్దినది ఆమె. రెండవదానిని సరిదిద్దవలసినవారము మనము. 1887, 1910, 1952 నాటి ముద్రణములను వరుసగ ఎదుట పెట్టుకొని పాఠభేదములను పరిశీలించుట, ఆ పీఠికను తెలుగు విమర్శచరిత్రలో పాఠ్యముగ చేర్చుట అందుకు తొలిమెట్టు. పరిశోధక విద్యార్థులలో నొక్కరైనను ఈ పనికి పూనుకొందురేని ఈ వ్యాసము సార్థకమగును.