దీక్ష, నిష్ఠ: అంతర్జాల ఉపాధ్యాయ శిక్షణపై ఒక విమర్శ

2017 సెప్టెంబరు 5న వెలసిన ‘దీక్ష’ వేదికయు, 2019 ఆగస్టు 21న ఆరంభమైన ‘నిష్ఠ’ కార్యక్రమమును మన ఉపాధ్యాయ శిక్షణ స్వరూపమును మార్చినవి. ముఖాముఖిగా మొదలైన నిష్ఠ, కోవిడ్ కాలమున అంతర్జాలమునకు తరలినపుడు, 2020 జులై 16న దానికి తొలి క్షేత్రమైనది ఆంధ్రప్రదేశమే. 1,200 మంది కీలక శిక్షకులతో ఆరంభించిరి. 18 పాఠ్యభాగములను దీక్షావేదికపై నుంచిరి. ఈ విధానము గుణదోషములను కృష్ణా డెల్టా పరిస్థితుల ననుసరించి విచారించుట మా యుద్దేశము.

గుణములు స్పష్టములే. ఎదురుమొండి దీవినుండి అంగలూరులోని జిల్లా శిక్షణ సంస్థకు గాని, విజయవాడకు గాని రావలెనన్న ముందు కృష్ణను దాటవలెను. ఏకోపాధ్యాయ పాఠశాలలో ఉపాధ్యాయుడు శిక్షణకు పోయిన దినమున బడియే మూతపడును. రాష్ట్రమునుండి జిల్లాకు, జిల్లానుండి మండలమునకు చేతులు మారుచు వచ్చిన పాఠము త్రోవలోనే పలుచబడుటయు కలదు. తెరపై పాఠము అందరకును ఒక్కతీరున అందును.

అయితే అందుట వేరు, అబ్బుట వేరు. పాఠమును ముందుగా దింపుకొన్నచో సిగ్నలు లేనిచోటను చూడవచ్చును. పూర్తిచేసినట్లు నమోదగుటకు మాత్రము మరల సిగ్నలు కావలెను. సొంత ఫోనులో, సొంత ఖర్చుతో, బడి ముగిసిన పిమ్మట చూచు పాఠముపై ఎంత మనసు నిలుచునో ఊహింపవచ్చును.

భాషాదోషము ఇంతకంటె సూక్ష్మమైనది. నేటి శిష్టవ్యవహారమునకు ముఖ్యాధారము కృష్ణా, గోదావరి మండలముల వాడుకయే. అట్టి సీమలోని ఉపాధ్యాయుడు ఢిల్లీలో రచింపబడిన పాఠమును తర్జుమా తెలుగున చదువుకొనవలసివచ్చుట విచిత్రము. దేశమంతటికై వ్రాసిన పాఠములో రెండు తరగతులు కూర్చున్న ఒకే గది, రొయ్యల చెరువులపై పనికి తలిదండ్రులు పోగా చెల్లెలినెత్తుకొని బడికి వచ్చిన బాలిక ఎట్లు కానవచ్చును?

మూడవది ముఖ్యము. బ్రిటన్ సాయముతో 1980ల నాడు మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకము ఉపాధ్యాయ కేంద్రముల నేర్పరచినది. అచ్చట ఉపాధ్యాయులు తాము చేసిన బోధనోపకరణములను ఒకరికొకరు చూపుకొనిరి. తమ చిక్కులను చెప్పుకొనిరి. తరువాతి స్కూలు కాంప్లెక్సు సమావేశములకును లక్ష్యమిదియే. తెరపై పాఠము చెప్పువాడు వినువాని తరగతిని చూడజాలడు. దీక్ష, నిష్ఠ అను పేర్లు రెండును తపస్సునకు చెందినవి. తపస్సు ఏకాంతమున సాగును గాని, బోధనకు గోష్ఠి కావలెను.

ఆ పాత సమావేశములలోను కాలక్షేపము లేకపోలేదని కొందరనవచ్చును. నిజమే. కావున మేము వేదికను కాదనుట లేదు. దానిని గోష్ఠికి సాధనము చేయవలెననుచున్నాము. కాంప్లెక్సు సమావేశమున పది మంది ఒక పాఠమును కూడి చూడవలెను, ఒకరు దానిని పిల్లలకు చెప్పిచూపవలెను, తక్కినవారు తర్కింపవలెను. అర్థముగాని పదములను, పొసగని ఉదాహరణములను పాఠకర్తలకు తెలుపవలెను. పాఠములలో కొన్నింటినైనను ఈ జిల్లాల ఉపాధ్యాయులే రచింపవలెను.

ధ్రువపత్రము పాఠము ముగిసినదని మాత్రమే చెప్పును. అది పిల్లవానికి చేరినదో లేదో తరగతిగదిలోనే తేలును. శిక్షణకు విలువ కట్టవలసినది అచ్చటనే.