గట్టు మీద ఎనభై

అంబాసిడర్ ఎనభై దాటిందంటే ఊరుకునేది కాదు. ముందు స్టీరింగు వణికేది. ఆ తరవాత డాష్‌బోర్డు లోపల ఎక్కడో ఓ రేకు మోగడం మొదలుపెట్టేది. ఇంకాస్త తొక్కితే వెనక తలుపు అద్దం దానంతటదే కిందికి జారేది. తొంభై దగ్గర ఇక కారులో ఒకరి మాట ఒకరికి వినపడేది కాదు. మా పెదనాన్నగారి కారుకి స్పీడోమీటరు పనిచేసేది కాదు, దాంతో వచ్చిన లోటేమీ మాకు తెలియలేదు. ఎనభై అనీ తొంభై అనీ నేను చెబుతున్నది మా మిల్లు డ్రైవరు లెక్క. ఆయన చెవితో చెప్పేవాడు.

మొన్న హైదరాబాదు వెళ్తే మా తమ్ముడి కొడుకు తన కొత్త కారులో ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కించాడు. అద్దాలు బిగించి ఉన్నాయి, ఏసీ చల్లగా ఉంది, పాట సన్నగా వస్తోంది. చేతిలో కాఫీ తొణకలేదు. ఏ డెబ్భైలోనో పోతున్నాం అనుకుంటూ ముందుకి వంగి చూస్తే 128. అక్కడ పరిమితి 120.

"ఏరా, కాస్త తగ్గించు" అన్నాను.

"దీనికి ఇదో స్పీడా పెదనాన్నా?" అన్నాడు.

వాడి మాట నిజమే. ఆ కారుకి అది స్పీడు కాదు. ముందున్న లారీ వెనక భాగానికి మాత్రం స్పీడే.

నాకు వేగం అంటే ఇష్టం. అరవై దాటాయి కాబట్టి ఆ పిచ్చి వదిలిందని చెప్పి పెద్దమనిషి అనిపించుకునే ఉద్దేశం లేదు. ఖాళీ రోడ్డూ, మంచి మలుపూ కనపడితే ఇప్పటికీ కాలు ఊరుకోదు. బండి ఒళ్ళంతా మాట్లాడుతుంటే ఆ మాట వింటూ అంచు దాకా వెళ్ళి రావడం, అదీ నాకు కావలసింది. అంకె ఎంతైనా ఫరవాలేదు. ఇప్పటి కార్లలో ఆ మాట నోరు నొక్కడానికే బోలెడంత డబ్బు పోస్తున్నారు, అదే నా బాధ.

మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. అక్కడ రోడ్డు అంటే కాలవ గట్టే. డెల్టాలో కాలవ మెరక మీద నడవాలి, అప్పుడే రెండు పక్కలా చేలకి నీళ్ళు దిగుతాయి. అందుకని మెరక ఎటు తిరిగితే కాలవ అటు, కాలవ ఎటు తిరిగితే గట్టు అటు, గట్టు ఎటు తిరిగితే మేమూ అటు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక కాటన్ దొర తవ్వించిన కాలవలు నీళ్ళతో పాటు పడవల కోసం కూడా. లాకుల దగ్గర పడవ ఆగేది, మనుషులు దిగేవారు, టీ తాగేవారు. పడవకి లేని తొందర మాకుండేది. ఆ లాకుల దగ్గరే రోడ్డు చటుక్కున మెలిక తిరిగేది. ఓ పక్క నిండు కాలవ, ఇంకో పక్క నిలువెత్తు పల్లంలో వరిచేను. మధ్యలో బండిన్నర వెడల్పు తారు. ఇంతకన్నా మంచి రేసు ట్రాకు ఎవరైనా కావాలని కట్టినా కుదరదు. ఇంతకన్నా చెడ్డదీ కుదరదు.

అంబాసిడర్‌ది 1489 సీసీ ఇంజను. గేరు రాడ్డు స్టీరింగు కింద ఉండేది. ముందు సీటు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకటే బల్ల, దాని మీద రెక్సిను. మేం ముందు నలుగురం, వెనక లెక్క లేదు. ఎడమకి తిరిగే మలుపు వచ్చిందంటే ముందు సీటు జనమంతా రెక్సిను మీద సర్రున జారి, నడిపేవాడి మీద పడేవారు. వాడి మోచెయ్యి తలుపుకీ బావల భుజాలకీ మధ్య ఇరుక్కునేది. గేరు వెయ్యాల్సింది సరిగ్గా అప్పుడే. అందుకని గేరు మలుపు ముందే వేసెయ్యడం నేర్చుకున్నాం. బ్రేకు కూడా ముందే. తరవాత చాలా ఏళ్ళకి కారు పందేల పుస్తకాలు చదివితే, మలుపులోకి దిగాక బ్రేకు కొట్టకూడదనీ, గేరు ముందే మార్చుకోవాలనీ పెద్ద పెద్ద బొమ్మలేసి చెప్పారు. మాకు ఆ పాఠం బావల బరువు చెప్పింది.

నిజంగా నేర్పినవాడు మా మిల్లు డ్రైవరు. అంతకుముందు టాటా బెంజి లారీ మీద మద్రాసు తిరిగిన మనిషి. డబుల్ క్లచ్ ఆయన దగ్గరే నేర్చుకున్నాను. క్లచ్ తొక్కి న్యూట్రల్‌కి తేవాలి, క్లచ్ వదిలి యాక్సిలరేటరు ఒక్కసారి చిన్నగా ఎగదోయాలి, మళ్ళీ క్లచ్ తొక్కి కింది గేరు వెయ్యాలి. సరిగ్గా కుదిరితే రాడ్డు వేలితో తోసినా వెళ్ళిపోయేది. కుదరకపోతే గేరుబాక్సు గుర్రుమనేది, ఆయన కళ్ళు మూసుకునేవాడు. "అబ్బాయిగారూ, కాలికి ఏం తెలుస్తదండి? చెవొగ్గి ఇనండి, కాలు దానంతటదే నేర్చుకుంటది" అనేవాడు. ఆయన ఎప్పుడూ తొందరగా నడిపినట్టు కనపడేవాడు కాదు. నరసాపురం నుంచి మాత్రం మాకన్నా ముందొచ్చేవాడు.

మేం చేసిన వెధవ పనులకి లోటు లేదు. సెకండ్ షో చూసి వచ్చేటప్పుడు మలుపు ముందు హెడ్‌లైట్లు ఆర్పేసేవాళ్ళం. ఎదురుగా ఏదైనా బండి వస్తుంటే దాని వెలుగు కొబ్బరి మానుల మీద పడుతుంది, పడలేదంటే దారి మనదే అని లెక్క. లెక్క బాగానే ఉంది. అందులో రెండెడ్ల బండి లేదు, లైటు లేని సైకిలు లేదు, చల్లగాలికి గట్టు మీద పడుకున్న గేదె లేదు. ఓ రాత్రి గడ్డి బండి కింద వేలాడదీసిన లాంతరు చుక్కలా కనపడి, కనపడినంతలోనే గడ్డివామంత పెద్దదైపోయింది. కారు ఎడమ చక్రాలు గట్టు దిగి, తాటి మొద్దు పక్క నుంచి రాసుకుని మళ్ళీ పైకెక్కాయి. బండి తోలుతున్న రైతు నిద్ర కూడా లేవలేదు. ఎడ్లు మాత్రం తల తిప్పి చూశాయి.

ఇక కోతల కాలంలో రోడ్డు మీద ధాన్యం ఆరబోసేవారు. ఇప్పటికీ పోస్తారు. వడ్ల మీద బ్రేకు వేస్తే ఏమవుతుందో ఒక్కసారి చూసినవాడు జన్మలో మర్చిపోడు. టైరు కింద గింజలన్నీ దొర్లుతాయి. చక్రం ఆగిపోతుంది, కారు ఆగదు. స్టీరింగు ఎటు తిప్పినా అది తిన్నగా తనదారిన తాను పోతుంది, అదీ ఏ చప్పుడూ లేకుండా, వానలా చిన్న సరసర తప్ప. బ్రేకు మీంచి కాలు తియ్యాలి, అప్పుడే చక్రం దొర్లి స్టీరింగు మాట వింటుంది. ఆపాలనుకున్నప్పుడు కాలు తియ్యడమనేది ఒంటికి ఎదురీత. ఏడుస్తూ నేర్చుకున్నాం, ధాన్యం తాలూకు రైతు తిట్లు తింటూ నేర్చుకున్నాం.

మా పెద్దబావ ఇప్పటికి బతికి మనవల్ని ఎత్తుకుంటున్నాడంటే అది ఇరిగేషన్ వాళ్ళ చలవ. ఆయన లాకుల మలుపు తప్పి కారుతో సహా కాలవలో పడింది ఎండాకాలంలో, కాలవలు కట్టేసిన రోజుల్లో. బురదలో ఇరుసు దాకా దిగబడిపోయింది. అక్కడ గుంటల్లో కొరమేను పడుతున్న జనం చేపలు వదిలేసి వచ్చి ఆయన్ని లాగారు, తరవాత తాళ్ళేసి కారుని లాగారు. జబ్బ ఎముక విరిగింది, అంతే. అదే ఏ ఆగస్టులోనో అయితే పదడుగుల నీళ్ళుండేవి. ఈ సంగతి మా ఇంట్లో తమాషాగా చెప్పుకుంటాం. మా అక్క మాత్రం ఆ మాట ఎత్తితే లేచి లోపలికి వెళ్ళిపోతుంది.

రేసు అంటే ఏమిటో కళ్ళతో చూసింది షోలవరంలో. మద్రాసుకి ఉత్తరాన, రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే అది. దాని మీద పందేలు. మా మిల్లు బియ్యం లారీ రెడ్ హిల్స్ వెళ్ళే దారిలోనే తగిలేది కాబట్టి, బస్తాల మీద కూచుని వెళ్ళడానికి టిక్కెట్టు ఖర్చు కూడా లేదు. విజయ్ మాల్యా ఎన్‌సైన్ ఫార్ములా వన్ కారు తెచ్చి అక్కడ నడిపిన కాలం. జనమంతా దాని కోసం ఎగబడితే, నా కళ్ళు మాత్రం సీట్లు పీకేసిన ఫియట్ల మీదా, బెంగళూరులో తయారైన సిపానీ డాల్ఫిన్ల మీదా ఉండేవి. డాల్ఫిన్ ఒళ్ళు ఫైబర్‌గ్లాసు, చాలా తేలిక. రోడ్డు మీద దాన్ని చూసి నవ్వినవాళ్ళు అక్కడ నోరెళ్ళబెట్టారు. అన్నిటికన్నా ఆశ్చర్యం, మా ఊరి ఫియట్ లాంటి ఫియటే మలుపులో అంత వంగి కూడా నిలబడటం. దాని డ్రైవరు చేతులు అటూ ఇటూ కొట్టుకోవడం లేదు. చిన్నగా, ముందుగా కదులుతున్నాయి. మా డ్రైవరు చేతులు గుర్తొచ్చాయి నాకు.

1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర అసలు ట్రాకు కట్టుకున్నాక షోలవరం మూలపడింది. ఆ రోజుల్లోనే కోయంబత్తూరు కరివర్ధన్ మారుతి 800 ఇంజను పెట్టి ఫార్ములా మారుతి కార్లు తయారుచేశాడు. కూరగాయల మార్కెట్టుకి వెళ్ళే కారు ఇంజనుతో రేసు కారు! ఆ కార్లతో మొదలుపెట్టిన నరైన్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్ దాకా వెళ్ళాడు. ఆ ఏడు మెల్‌బోర్న్ రేసు టీవీలో చూస్తూ నేను సోఫాలో లేని బ్రేకు తొక్కానని మా ఆవిడ ఇప్పటికీ చెబుతుంది.

మారుతి 800 మా వైపు వచ్చినప్పటి సంగతీ చెప్పాలి. 1983 డిసెంబరులో ఢిల్లీలో మొదటి తాళాలు ఇచ్చారు, మాకు చేరడానికి మరి కాస్త పట్టింది. 796 సీసీ, మూడు సిలిండర్లు, బరువు అంబాసిడర్‌లో సగానికి కాస్త పైన. ముందు చక్రాలే లాగేవి. గట్టు మలుపులో దానితో అంబాసిడర్‌ని దాటడం ఎంత తేలికో, అంబాసిడర్ మీద పెరిగిన మా పౌరుషానికి అంత దెబ్బ. అయినా అదీ నిజాయితీ గల బండే. పలచటి రేకు, సన్నటి టైర్లు, అన్నీ వినపడేవి. నా దగ్గర ఇప్పటికీ ఉన్న పాత ఎస్టీమ్ కూడా ఆ రకమే. తొమ్మిది వందల కిలోలు లేదు, ముందు చక్రం కింద చిన్న గులకరాయి పడినా చేతికి కబురందుతుంది.

వేగానికి ఓ లెక్కుంది, అది బండి కొత్తదా పాతదా అని చూడదు. వేగం రెట్టింపైతే దెబ్బ నాలుగింతలు. 60లో ఉన్నదానికన్నా 85లో ఉన్న బండిలో గుద్దే బలం రెట్టింపు. ఎదుట ఏదో ఉందని కన్ను చూసి, కాలు బ్రేకు మీదికి చేరేసరికి ఓ సెకను. 100లో ఆ సెకనుకి 28 మీటర్లు. మా తమ్ముడి కొడుకు 128లో అయితే 35 మీటర్ల పైమాటే, ఇంకా బ్రేకు పడకుండానే. అంబాసిడర్‌కి ఈ లెక్కలన్నీ వచ్చు. వణుకుతో చెప్పేది, నాలుగుసార్లు గట్టిగా ఆపితే లైనర్లు కాలిన కంపుతో చెప్పేది, అయిదోసారి పెడల్ నేల దాకా దిగిపోయి మరీ చెప్పేది. మేం వినలేదంటే అది మా చెవుడు. ఇప్పటి పిల్లాడికి అసలు చెప్పేవారే లేరు. 2022లో మన దేశం రోడ్ల మీద 1,68,491 మంది పోయారు, అందులో ఎక్కువ భాగం అతివేగం పద్దులోనే రాశారు. కుర్రాళ్ళకి పొగరెక్కువని తిట్టడం సుళువు. మాకు పొగరు తక్కువేం కాదు. మా బండికి నోరుండేది.

కొత్త కార్లు చెడ్డవని అనడం లేదు. ఎయిర్‌బ్యాగులూ, బెల్టులూ, ఏబీఎస్సూ ఉన్న కారులో మా పెద్దబావకి ఎముక కూడా విరిగేది కాదు. చప్పుడు లేకపోవడమూ తప్పు కాదు. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ రేసు జరిగితే వెళ్ళాను. కరెంటు కార్లు, ఈల వేసినట్టు పోయాయి. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఇంజను హోరు లేదని మా వయసు వాళ్ళు పెదవి విరిచారు. నాకు అలా అనిపించలేదు. ఆ కారులో కూచున్నవాడికి కింద తారు, గోడ, టైరు పట్టు అన్నీ నడుం ద్వారా తెలుస్తూనే ఉంటాయి. రేసు కారు నడిపేవాడి దగ్గర ఏదీ దాచదు. దాచడమనేది మనకి అమ్మే కార్లకే.

అందుకని ఈమధ్య ఓ పని పెట్టుకున్నాను. మా మేనకోడలు భీమవరంలో డాక్టరు, కొత్త కారు కొంది. ఆదివారాల్లో మా మిల్లు కళ్ళానికి తీసుకొస్తోంది. ధాన్యం లేనప్పుడు అది పెద్ద ఖాళీ సిమెంటు నేల. నీళ్ళు చల్లించి, ఓ మూల ఊక పోయించాను. యాభైలో వచ్చి, ఊక మీదికి రాగానే బ్రేకు మీద నిలబడమన్నాను. మొదటిసారి పెడల్ కాలి కింద టకటకా కొట్టుకునేసరికి భయపడి కాలు తీసేసింది.

"మావయ్యా, ఏదో విరిగింది!"

"ఏం విరగలేదమ్మా. చక్రం బిగుసుకోకుండా అది పట్టి వదులుతోంది. నువ్వు మాత్రం వదలకు."

నలభై ఏళ్ళ కిందట మేం వడ్ల మీద కాలు తీసి నేర్చుకున్నది, తను కాలు తియ్యకుండా నేర్చుకోవాలి. 2019 నుంచి మన దగ్గర కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి. కానీ అది ఎలా కొట్టుకుంటుందో లైసెన్సు ఉన్నవాళ్ళలో ఎంతమంది కాలు ఎరుగును? మళ్ళీ రమ్మన్నాను. ఈసారి నొక్కి పట్టింది. కారు ఊకని చిమ్ముకుంటూ తిన్నగా ఆగింది. దిగి, వెనక్కి నడుచుకుంటూ వెళ్ళి, ఆగడానికి పట్టిన దూరం అడుగులతో కొలుచుకుంది. తనకే నమ్మకం కలగనట్టు మళ్ళీ కొలిచింది. "ఇంతా?" అంది.

వచ్చే ఆదివారం అదే బ్రేకు మీద స్టీరింగు తిప్పి ఖాళీ డ్రమ్ముని తప్పించడం. మా తమ్ముడి కొడుక్కి కూడా ఫోన్ చేసి రమ్మన్నాను. వాడు తన కారు తేనన్నాడు, గీతలు పడతాయట. ఎస్టీమ్ ఉందిగా, దానికి పడాల్సినవన్నీ ఎప్పుడో పడ్డాయి.