రెండో పాట

పెండ్లికి పోతే నా కాళ్లు ముందు మైకుసెట్టు కాడికే లాగుతాయి. వరుణ్ణి పలకరించేదీ, పంక్తిలో చోటు చూసుకునేదీ ఆ తరువాతే. మొన్న తిరువళ్లూరులో ఒక రిసెప్షన్‌కు పోయినప్పుడూ అంతే. వేదిక పక్కన నల్లగుడ్డ కప్పిన బల్ల. దాని మీద ల్యాప్‌టాప్, రెండు గుండ్రటి పళ్లేలున్న కంట్రోలర్. హెడ్‌ఫోన్‌ను ఒక చెవికి తగిలించి, రెండో చెవిని హాలుకు వదిలేసి, 22 ఏళ్ల పిల్లోడు నిలబడి ఉన్నాడు. పోయి పక్కన చేరాను. "ఏం పాట కావాలంకుల్?" అంటూ రాసుకోవడానికి ఫోను తీశాడు.

"పాటేం వద్దు నాయనా. దీని తరువాత ఏది పెడతావో చెప్పు, చాలు."

వాడు నన్ను ఎగాదిగా చూశాడు. ఆ మాట వాణ్ణి ఎప్పుడూ ఎవరూ అడిగినట్టు లేదు.

అది నా ప్రశ్న కాదు. మా మామ నన్ను అడిగే ప్రశ్న.

తిరుత్తణికీ పళ్లిపట్టుకూ నడుమ ఒక పల్లె మాది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి మారింది. కాగితం మీద గీత జరిగింది గానీ మా ఇండ్లల్లో మాట జరగలేదు. ఇంట్లో తెలుగు, బడిలో అరవం, సంతలో రెండూ. మామకు సౌండ్ సర్వీసు ఉండేది. ఒక ఆంప్లిఫయర్, రెండు గొట్టాలు, ఒక టర్న్‌టేబుల్, రేకుపెట్టె నిండా రికార్డులు. సెలవులొస్తే నేను ఆయనకు చేతిసాయం. చింతచెట్టెక్కి గొట్టం కట్టేది నేను. రికార్డు మీద చెయ్యి వేసేది మాత్రం ఆయనే.

ఆ పెట్టె అడుగున లక్కతో చేసిన 78 ప్లేట్లు, వాటి మీద 45 తిరిగే చిన్న రికార్డులు, ఒక పక్కగా ఎల్పీలు. కొత్తవి కొనే స్తోమత తక్కువ. నెలకోసారి రైలెక్కి మద్రాసు సెంట్రల్‌లో దిగి, పక్కనే ఉన్న మూర్ మార్కెట్‌లో పాతవి ఏరుకునేవాడు. ఒకసారి నన్నూ వెంట తీసుకుపోయాడు. పాత పుస్తకాల దొంతర్ల సందులో, నేల మీద పరిచిన రికార్డుల ముందు గొంతుక్కూర్చున్నాడు. ఒకటి తీసి వెలుతురుకు ఏటవాలుగా పట్టి తిప్పాడు. "ఇదో, ఈడ గాడి రంగు మారిండాది సూడు. గొంతు ఆగి వాయిద్యాలు ఎత్తుకునేది ఈడనే" అన్నాడు. పాట వినకుండానే పాటను చదవొచ్చునని ఆరోజు తెలిసింది. గాడులు మాసి బూడిదరంగుకు తిరిగుంటే ముల్లు తిని అరిగిపోయిన రికార్డని, బేరం కూడా ఆడకుండా పక్కన పెట్టేవాడు.

1985 మే 30న మూర్ మార్కెట్ కాలిపోయింది. ఇప్పుడు ఆ జాగాలో రైల్వే కట్టడాలున్నాయి. తిరువళ్లూరులో లోకల్ ఎక్కితే దిగే స్టేషను పేరు మూర్ మార్కెట్ కాంప్లెక్స్. దిగేవాళ్లలో సగం మందికి ఆ పేరెందుకొచ్చిందో తెలియదు.

ఒకే టర్న్‌టేబుల్ ఉన్నవాడికి పెద్ద చిక్కు, పాటకూ పాటకూ నడుమ వచ్చే మౌనం. 78 ప్లేటైతే మూడు నిమిషాల చిల్లరకు ఒకవైపు అయిపోతుంది. తీయాలి, తిప్పాలి, ముల్లు పెట్టాలి. ఆ సందులో మామ మైకు అందుకొని పెండ్లివారి పేర్లు చదివేవాడు, తప్పిపోయిన పిల్లోడి సంగతి చెప్పేవాడు, సాంబారు దగ్గర మనుషులు కావాలని పిలిచేవాడు. ఆ మాటలు అయ్యేలోపు చెయ్యి తన పని తాను చేసుకుపోయేది. ఏ పాట ఎప్పుడన్నదానికీ వరుస ఉండేది. పొద్దున్నే ఎం.ఎస్. సుబ్బులక్ష్మి సుప్రభాతం. ముహూర్తానికి ముందు నాదస్వరం, అదీ షేక్ చిన మౌలానాదే కావాలి. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడిన మనిషి గనక మా రెండు పక్షాలకూ ఆయన సొంతమే. బంతి సాగేటప్పుడు విషాదం పనికిరాదు. అమ్మవారి జాతరైతే ఎల్.ఆర్. ఈశ్వరి లేకుండా పొద్దు గుంకదు.

నేను రికార్డు తిరిగేది చూస్తూ మైమరిచిపోతే మామ నెత్తిన ఒకటి మొట్టేవాడు. "మిషన్‌ను ఏం సూస్తావురా? చెవి ఈడ పెట్టు, కండ్లు పందిట్లో పెట్టు. తరవాత ఏ పాటో చెప్పు." తడుముకుంటే ఇంకో మొట్టికాయ. పందిట్లో ముసలాళ్లు కునికిపాట్లు పడుతున్నారా, ఆడపిల్లలు తలుపు చాటున గుంపు కట్టారా, బావమరుదులకు మందు ఎక్కిందా, ఇవన్నీ చూస్తే తప్ప దానికి జవాబు దొరకదు.

ఆ విద్య పూర్తిగా చూసింది 'సాగర సంగమం' వచ్చిన మరుసటేడు, 1984లో. అప్పటికి మామ రెండు క్యాసెట్ డెక్కులు కొన్నాడు. వరుడిది నగరి, తెలుగువాళ్లు. వధువుది తిరువళ్లూరు పక్క ఊరు, తమిళులు. రాత్రి భోజనాలయ్యాక తెలుగు పాటే పెట్టాలని ఒక జట్టు, తమిళ పాటే పెట్టాలని ఇంకో జట్టు. మాట మాట పెరిగి ఎవడో వైరు మీద చెయ్యి కూడా వేశాడు. మామ ఏమీ అనలేదు. ఇద్దరికీ చెరొక సోడా తెప్పించి, ఒక డెక్కులో 'సాగర సంగమం', రెండోదాంట్లో దాని తమిళ డబ్బింగు 'సలంగై ఒలి' పెట్టాడు. బాలు, జానకి పాడిన యుగళగీతం. పల్లవి తెలుగులో అయింది. చరణానికి ముందు వాయిద్యాలు మోగే చోటు రెండింట్లోనూ ఒకటే. అవి సద్దుమణిగే క్షణం కోసం మామ రెండో డెక్కు పాజ్ బటన్ మీద బొటనవేలు ఆనించి కాచుకున్నాడు. ఎడమచేత్తో ఒక వాల్యూం దించాడు, కుడిచేత్తో పాజ్ వదిలాడు. చరణం అరవంలో ఎత్తుకుంది. అదే బాలు, అదే జానకి, అదే ఇళయరాజా బాణీ. వేటూరి దిగిపోయి వైరముత్తు ఎక్కాడు, అంతే.

అతుకులో అర క్షణం ఎడం వచ్చింది. అది నాకూ మామకూ తప్ప ఎవరికీ పట్టలేదు. వధువు మేనత్త ఒకామె తాంబూలం చుడుతున్నది చుడుతున్నట్టే తలెత్తి చూసింది. వైరు పట్టుకున్నవాడు దాన్ని వదిలేసి సోడా తాగాడు.

ఆ రెండు భాషలకూ అతుకైన గొంతు ఇప్పుడు మా జిల్లా మట్టిలోనే ఉంది. 2020 సెప్టెంబరు 26న బాలును తిరువళ్లూరు జిల్లా తామరైపాక్కంలోని ఆయన తోటలోనే ఖననం చేశారు.

పదో తరగతి అయ్యాక తిరుత్తణిలో ఒక రికార్డింగ్ సెంటర్‌లో కుదిరాను. ఆరడుగుల అంగడి. గోడ నిండా రికార్డుల అట్టలు, బల్ల మీద నంబర్లు వేసిన పాటల నోటుపుస్తకాలు. గిరాకీలు నంబర్లు రాసిన చీటీ, ఖాళీ క్యాసెట్టు ఇచ్చిపోతారు. సాయంత్రానికి నింపి పెట్టాలి. చట్టం ప్రకారం అది తప్పు పని. 1984లో కాపీరైటు చట్టానికి కోరలు కూడా మొలిచాయి. అండర్‌గ్రౌండ్ సంగీతమని ఇప్పుడు పట్నపు పిల్లలు గొప్పగా చెప్పుకుంటారు. మా అంగడి అచ్చంగా అండర్‌గ్రౌండే. పోలీసు జీపు చప్పుడైతే డెక్కుల మీద దుప్పటి కప్పేవాళ్లం.

అక్కడ నేర్చింది లెక్క. సి-60 క్యాసెట్టు ఒకవైపు 30 నిమిషాలు. టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్లు నడుస్తుంది. మొదట్లో ఉండే తెల్లటి ప్లాస్టిక్ తోక మీద ఏదీ రికార్డు కాదు గనక అది దాటేదాకా పెన్సిలుతో తిప్పాలి. నాలుగైదు నిమిషాల పాటలు ఆరు పడతాయి, ఏడోది పడుతుందో లేదో కూడి చూసుకోవాలి. మొదట్లో నేను చూసుకోలేదు. తిరుపతి రోడ్డు మీద లారీ తోలే ఆయన ఒకరు వారం తిరక్కముందే వచ్చి క్యాసెట్టు బల్ల మీద పెట్టాడు. "ఏమబ్బోడా, నువ్వేసిన ఆఖరు పాట నగరి దాటతానే తెగిపాయ గదరా! ఆడ మలుపులుండాయి, క్యాసెట్టు తిప్పేదానికి నాకు చెయ్యి ఖాళీ ఉండదు." ఆయనకు పాట అంటే రోడ్డు. ఎక్కడ నిద్ర ముంచుకొస్తుందో అక్కడ తాళం గట్టిగా ఉండాలి, చెక్‌పోస్టు దగ్గర నెమ్మది పాట ఉన్నా నష్టం లేదు. ఆ క్యాసెట్టు మళ్లీ మొదటినుంచీ కూర్చాను. ఆయన చీటీలో లేని పాట ఒకటి నా సొంతంగా చేర్చాను. మరుసటి ట్రిప్పులో వచ్చి "ఆ ఐదో పాట ఎవురు సెప్పినారు నీకు?" అని మాత్రం అడిగి, ఇంకో రెండు ఖాళీ క్యాసెట్లు ఇచ్చి పోయాడు. నా జీవితంలో నాకొచ్చిన మొదటి సన్మానం అదే.

చాన్నాళ్ల తరువాత చదివి తెలుసుకున్నాను, ఇదే పని వేరే ఖండంలో వేరే పేరుతో సాగిందని. 1973 ఆగస్టు 11న న్యూయార్కు బ్రాంక్స్‌లో కూల్ హెర్క్ అనే కుర్రవాడు చెల్లెలు ఏర్పాటు చేసిన పార్టీకి రెండు టర్న్‌టేబుళ్లు పెట్టాడు. గొంతు ఆగి తాళం ఒక్కటే మోగే ముక్క దగ్గరే జనం ఎగురుతున్నారని కనిపెట్టి, ఒకే రికార్డు రెండు ప్రతులతో ఆ ముక్కనే సాగదీశాడు. షికాగోలో 1977 నుంచి వేర్‌హౌస్ అనే క్లబ్బులో ఫ్రాంకీ నకల్స్ తెల్లవార్లూ పాటలు అతికేవాడు. అక్కడ మోగిన రికార్డులు కావాలని జనం ఎగబడితే, ఇంపోర్ట్స్ ఎట్సెట్రా అనే అంగడివాళ్లు ఒక పెట్టెకు 'వేర్‌హౌస్‌లో విన్నవి' అని చీటీ అంటించారనీ, అది అరిగి అరిగి 'హౌస్' అయిందనీ అక్కడివాళ్లు చెప్పే కథ. ఒక సంగీతానికి పేరు పెట్టింది రికార్డుల అంగడి చీటీ అన్నమాట! మా అంగడిలోనూ 'లారీ క్యాసెట్టు', 'కావడి క్యాసెట్టు' అని చీటీలుండేవి. వాటిని ఎవరూ చరిత్రకెక్కించలేదు.

1979లో వచ్చిన టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 ఎంకే2 టర్న్‌టేబుల్‌కు పక్కన ఒక జారుడు మీట ఉంటుంది. దాంతో వేగాన్ని 8 శాతం దాకా పెంచొచ్చు, తగ్గించొచ్చు. నిమిషానికి 120 దెబ్బల పాటను 110 దాకా దించొచ్చు, 129 దాకా లేపొచ్చు. రెండు పాటల అడుగు ఒకటైతే అతుకు కనబడదు. మామకు ఆ మీట లేదు. అందుకే వాయిద్యాలు ఆగే సందు కోసం అంత కాచుకోవాల్సి వచ్చింది.

మనవాళ్లూ తక్కువ తినలేదు. 1982లో బొంబాయి సినిమా వాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ రోలాండ్ 303, 808 యంత్రాల మీద పది రాగాలను డిస్కో తాళానికి వాయించి హెచ్ఎంవీలో రికార్డు తెచ్చాడు. కొన్నవాడు లేడు. ఐదేళ్లకు అదే 303 మోతతో షికాగో వాళ్లు ఆసిడ్ హౌస్ అని కొత్త ఊపు తెచ్చారు. ఆయన రికార్డు 2010లో మళ్లీ అచ్చయ్యాక గానీ లోకం నోరు తెరవలేదు.

అయితే ఇంత దూరం పోనక్కర్లేదు. ఆడికృత్తికకు తిరుత్తణి కొండ మెట్ల దగ్గర నిలబడితే చాలు. 365 మెట్లు. కావడి ఎత్తినవాడి ముందు పంబ వాయించేవాడు వెనక్కి వెనక్కి నడుస్తుంటాడు. చూపు తన పుల్లల మీద ఉండదు, కావడి మోసేవాడి మోకాళ్ల మీద ఉంటుంది. అడుగు తడబడితే దరువు నింపాదిగా దించుతాడు, ఊపిరి అందుకోగానే మళ్లీ లేపుతాడు. పూనకం ఎప్పుడు రానివ్వాలో, ఎప్పుడు దించాలో ఆ పుల్లలకు తెలుసు. ఇంతకు మించిన డీజే పాఠం నాకు ఏ బడిలోనూ కనబడలేదు.

ఇప్పుడు డీజే అంటే జనానికి భయం. 2024 అక్టోబరులో హైదరాబాదు పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేను నిషేధించారు. నేను తప్పుపట్టను. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇండ్ల నడుమ పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. గోడలు అదిరే పెట్టెలకు ఆ అంకెలు ఏమూలకు? మామ గొట్టాలూ తక్కువవి కావు, రెండు మైళ్లు వినబడేవి. కానీ ఆయన అనేవాడు, "తరవాత ఏం పెట్టాల్నో తెలీనోడే సౌండు పెంచుతాడు" అని. నేటి రోగానికి ఇంతకన్నా సరైన నిదానం నేను వినలేదు. పెన్‌డ్రైవులో వెయ్యి పాటలుంటాయి, ఎదుట ఉన్న మనుషుల్ని చూసే తీరిక ఉండదు.

తిరువళ్లూరు పిల్లోడి సంగతి చెప్పాలి. ఆ రాత్రి వాడికి 1984 పెండ్లి కథ చెప్పాను. నవ్వి ఊరుకుంటాడనుకున్నాను. ఫోనులో వెదికి రెండు పాటలూ దించుకున్నాడు. తాళం కలపడం మిషనుకు వదలకుండా, హెడ్‌ఫోన్ చెవికి అదిమి చేత్తోనే కలిపాడు. మామ అతుకులో వచ్చిన అర క్షణం ఎడం వాడికి రాలేదు. ముందు వరుసలో ఒక పెద్దాయన నిద్రలోంచి లేచినట్టు తలెత్తాడు. పిల్లోడు ఆయన్ను చూసి, నన్ను చూశాడు. "తరువాత ఏం పెట్టాలో నాకు తెలిసిపోయిందంకుల్" అన్నాడు.

అందుకని ఒక మనవి. మీ ఇంట్లో శుభకార్యానికి డీజేను పిలిస్తే, 60 పాటల జాబితా వాట్సాప్‌లో పంపకండి. సౌండు తగ్గించమనండి, పది గంటలకు ఆపేయమనండి, అది మీ హక్కు. మొదటి పాట మీకిష్టమైనది చెప్పండి. రెండోది వాడికి వదిలేయండి.